గత ఏడు రోజుల్లో ఏం తిన్నారు

ఈమధ్య బెజవాడలో ఒక హోటల్లో మీటింగు పెట్టి మమ్మల్నందరినీ పిలిచారు. మేమంటే ఇంటింటికీ తిరిగి మీరేం తింటున్నారు, ఏం కొంటున్నారు అని అడిగి ట్యాబ్‌లో ఎక్కించుకునే కాంట్రాక్టు మనుషులం. స్టేజీ మీద తెర కట్టి దాని మీద నిలువు పట్టీలు వేసి చూపించారు. ఎడమ చివర మన దేశం పట్టీ. దాని పక్కన మనలాంటి దేశాల గుంపు సగటు, ఆ పక్కన డబ్బున్న దేశాల గుంపు సగటు. ఒక్కో మనిషి తిండికీ బట్టకీ మందులకీ ఏడాదికి ఎంత పెడుతున్నాడో ఆ పట్టీల ఎత్తు చెబుతుందట. మనది అన్నిటికంటే పొట్టిగా ఉంది. మాట్లాడుతున్నాయన కోటు సర్దుకుని, "మన వినియోగం ఇంకా పెరగాలి, పెరుగుతుంది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

చప్పట్లు ఇంకా ఆగకముందే లేచి బయట వరండాలోకి వచ్చి నిలబడ్డాను. పక్క హాల్లో ఎవరిదో ఫంక్షన్ అప్పుడే అయిపోయినట్టుంది. ఇద్దరు ఆడవాళ్ళు ప్లేట్లు తెచ్చి నీలం డ్రమ్ములో దులుపుతున్నారు. సగం కొరికిన చికెన్ ముక్కలు, ముట్టుకోని పనీర్ కూర, చెంచా గుచ్చి వదిలేసిన స్వీట్లు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోతున్నాయి. ఆ వాసనకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇది కూడా వినియోగమే. ఎవరో డబ్బిచ్చి కొన్నారు కాబట్టి ఇదంతా లోపల తెర మీద పట్టీలోకి చేరుతుంది. తిన్నదానికీ డ్రమ్ములో దులిపినదానికీ అక్కడ తేడా లేదు. కానీ నిజంగా తిని కూడా ఆ పట్టీకెక్కని తిండి ఒకటుంది. దాన్ని అందులోంచి తీసేసింది నేనే.

నేను ఎమ్మే ఎకనామిక్స్ చదివాను. చాలాకాలం ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుని, ఆ తర్వాత ఈ సర్వే ఏజెన్సీలో చేరాను. మా ప్రశ్నలు చాలా సాదాగా ఉంటాయి. బియ్యం, పప్పులు, నూనె అయితే గత ముప్ఫై రోజుల్లో ఎంత వాడారు. కూరగాయలు, గుడ్లు, మాంసం, చేపలైతే గత ఏడు రోజుల్లో ఎంత తిన్నారు. కొనుక్కున్నది ఒకచోట, ఊరికే వచ్చింది ఇంకోచోట రాయాలి. ఊరికే వచ్చినదానికి కూడా ఆ ఊళ్ళో ఉన్న ధర కట్టి కలపాలి. ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళ్ళాలి. చేరిన కొత్తలో ఇది చాలా గొప్ప పని అనుకున్నాను. దేశం మొత్తం ఏం తింటోందో నా చేతి మీదుగా తెలుస్తుందని పొంగిపోయాను.

ఆ పొంగు పటమటలో దిగిపోయింది. అక్కడ ఒక అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌ని, ఆ తర్వాత సెక్రటరీని, ఆ తర్వాత ఆ ఇంటావిడ కుక్కని దాటుకుని తలుపు దాకా వెళ్ళాను. ఆవిడ ఇనప గ్రిల్ తియ్యకుండా లోపల్నించే జవాబులు చెప్పింది. బయట నుంచి తెప్పించుకున్న తిండి ఏమైనా ఉందాండీ అని అడిగితే, "మేం బయటి తిండి తినమండీ, అస్సలు పడదు" అంది. ఆ మాట పూర్తవకుండానే హెల్మెట్ పెట్టుకున్న మనిషి రెండు పెద్ద సంచులతో లిఫ్టులోంచి దిగి ఆవిడ ఫ్లాటు నంబరే అడిగాడు. ఆవిడ సంచులు అందుకుని లోపల పెట్టి, మళ్ళీ గ్రిల్ దగ్గరికి వచ్చి, "ఆఁ, ఇంకేం కావాలండీ, తొందరగా అడగండి" అంది. మొహంలో ఒక్క గీత మారలేదు. నేను సున్నా వేసుకున్నాను.

మైలవరం వైపు మామిడితోటలున్న ఒకాయన తన ఇంట్లో నెలకి లీటరు నూనె అన్నాడు. వెనక వరండాలో పదిహేను లీటర్ల డబ్బాలు మూడున్నాయి. నేను వాటి వంక చూస్తే, "అవి ఖాళీవమ్మా" అన్నాడు. లేనివాళ్ళు చెప్పే అబద్ధం వేరు. బియ్యం కార్డు తీసేస్తారని, పింఛను ఆగిపోతుందని వాళ్ళ భయం. ఒకావిడ నన్ను చూసి కోడిగుడ్ల ట్రే మీద దుప్పటి కప్పింది. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. ఉన్నవాళ్ళ మీద మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి చెప్పిన ఈ తక్కువల్ని మేం జాగ్రత్తగా కూడి పైకి పంపుతాం. పైన వాటిని తీసుకెళ్ళి ఇంకో దేశం పక్కన నిలబెట్టి కొలుస్తారు. ఆ దేశంలో ఎవరు దేని మీద దుప్పటి కప్పారో మనకేం తెలుసు.

ఇంతమందిలో ఒక్క మనిషి మాత్రం తిన్నది తిన్నట్టు రాసుకోమని నా వెంటపడింది. ఆవిడది కొండపల్లి దాటాక ఏటి వైపు ఉన్న మత్స్యకారుల కాలనీ. భర్త పోయాడు. రేకులింట్లో ఆవిడా, ఆవిడ అత్తగారూ, ఇద్దరే ఉంటారు. పొద్దున్నే బస్సెక్కి బెజవాడ చేపల మార్కెట్‌కి వెళ్ళి, కత్తిపీట ముందు కూర్చుని, కొన్నవాళ్ళకి చేపలు కోసి పెడుతుంది. కోసినందుకు కూలి ఇస్తారు. అది కాక ఇంకొకటుంది. ఈ రోజుల్లో అపార్ట్‌మెంట్లవాళ్ళు చాలామంది ముక్కలే పట్టుకెళతారు, తలకాయ వద్దంటారు. ఆ వద్దన్న తలకాయ కోసినవాళ్ళది. అది అక్కడి కట్టుబాటు, దానికెవరూ బేరమాడరు. అలా రోజూ ఆవిడ సంచిలో రెండో మూడో బొచ్చె తలకాయలు, శీలావతి తలకాయలు ఇంటికొస్తాయి.

మొదటిసారి వెళ్ళినప్పుడు గత ఏడు రోజుల్లో చేపలు ఎన్నిసార్లు తిన్నారని అడిగాను. ఎప్పట్లాగే 'ఎక్కడివమ్మా, ఎప్పుడో ఒకసారి' అంటుందనుకున్నాను.

"రోజూ తింటన్నామండీ. సోమారం ఒక్కరోజే లేదు. ఆరు రోజులు రాసుకోండి మేడంగారూ."

"ఆరు రోజులా?"

"మరి? తలకాయ పులుసు. మాయత్తకి పళ్ళు లేవు కదండీ, బుగ్గ కండ మెత్తగుండిద్ది, ముల్లు తీసి నేనే కలిపి పెడతా. మా ఇంట్లో తిండికి లోటు లేదని రాసుకోండి."

ఎంత బరువుంటాయని అడిగితే పొయ్యి దగ్గర పెట్టిన సంచి తెచ్చి చూపించింది. నేను నా చేత్తో ఎత్తి చూశాను. వంటింటి గుమ్మంలో అత్తగారు కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఈవిడ మధ్యలో లేచి కంచంలో అన్నం, పులుసు పెట్టి, వేళ్ళతో నలిపి నలిపి ముళ్ళు ఏరి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది. ముసలావిడ అంతా తిని, నీళ్ళు తాగి, మూతి తుడిపించుకుంది. పావుగంటయ్యాక నా వైపు తిరిగి, "నాకు పొద్దుట్నుంచీ అన్నం పెట్టలా" అంది. కోడలు నవ్వేసి, "మర్చిపోద్దండీ. వీధిలో కూడా ఇదే చెప్పుద్ది" అంది. నేనూ నవ్వాను. చాలా రోజుల తర్వాత ఒక ఇంట్లో నిజం రాసుకున్నానని ఆ సాయంత్రం బస్సులో హాయిగా అనిపించింది.

మర్నాడు మా సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. నా కంటే పదేళ్ళు చిన్నవాడు, టై కట్టుకునే మనిషి.

"మేడం, ఆ చేపలు కోసే ఆవిడ ఇంట్లో చేపల దగ్గర సిస్టంలో ఎర్ర గుర్తు వస్తోందండీ. మరీ ఎక్కువ వేశారు."

"ఎక్కువ వెయ్యలేదండీ, ఉన్నదే వేశాను. తలకాయలు ఊరికే వస్తాయి వాళ్ళకి."

"తెల్ల కార్డు ఇల్లండీ అది. మీరే చేసిన పటమట ఫ్లాటు కంటే వీళ్ళు నాలుగింతలు చేపలు తింటున్నారని పంపితే పైవాళ్ళు నన్ను పట్టుకుంటారు. నమ్మేట్టు ఉండాలి కదా. ఒక్క పూటకి తగ్గించెయ్యండి."

"పటమట ఆవిడ చెప్పింది అబద్ధమండీ."

"దానికి ఎర్ర గుర్తు రాలేదు కదండీ" అన్నాడు.

ఇందులో వెక్కిరింపు లేదు. నిజంగానే అతని లెక్కలో అది జవాబు. అబద్ధమైతే ఫర్వాలేదు, నమ్మేట్టుంటే చాలు. నిజం నమ్మేట్టు లేకపోతే దాన్ని కోసెయ్యాలి. ఆ నెల నా కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది. అరగంటసేపు అతన్ని మనసులో తిట్టుకుని, ట్యాబ్ తీసి ఆరు రోజుల్ని ఒక పూట చేశాను. బరువు కూడా దానికి సరిపోయేట్టు తగ్గించాను. కాఫీ పెట్టుకుని తాగాను కూడా. ఇప్పుడు అది తలుచుకుంటే నా చెయ్యి నాకే ఎంగిలి చెయ్యిలా అనిపిస్తుంది.

రెండోసారి వెళ్ళేసరికి ఆవిడ మొహం పీక్కుపోయి ఉంది. భర్త అన్నగారు, ఆవిడకి బావగారు, రెండు వీధుల అవతల ఉంటాడట. ఇన్నాళ్ళూ తల్లి గడప తొక్కలేదు. ముసలావిడ వీధిలో అందరికీ అన్నం పెట్టలేదని చెబుతోంది కదా, అది పట్టుకుని, కోడలు మా అమ్మని పస్తు పెడుతోందని కులపెద్దల దగ్గర మాట పెట్టాడు. తల్లిని తన ఇంటికి తీసుకెళ్ళిపోతానంటున్నాడు. తల్లితోపాటు ఆవిడ పింఛను కూడా వెళుతుందని అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట పైకి అనరు.

"తీసుకెళ్తే పెట్టరండీ. అక్కడ మా తోటికోడలు మంచంలోంచి లేవదు. ముల్లు తీసి ఎవరు పెడతారు? ఒక ముల్లు గొంతులో అడ్డంపడితే అయిపోయిద్ది మనిషి." అత్తగారి వైపు చూసి, "అత్తకి అన్నం పెట్టనిదాన్నని నాకు పేరు పడిద్దండీ. మా ఆయన పోయాక పదేళ్ళు చూసుకున్నా" అంది.

నేను ఏదో ధైర్యం చెప్పబోయాను. ఆవిడ నా సంచి వైపు చూసింది.

"మీ దాంట్లో రాశారు కదండీ. ఏ రోజు ఏం తిన్నామో మొత్తం రాశారు. గవర్నమెంటుకి పోయేదంటే దానికో విలువుంటది కదా. ఆదివారం పెద్దలు కూర్చుంటన్నారు. మీరొచ్చి అది చదవండి చాలు."

అందుకా వెంటపడి రాయించింది? అడిగితే ఒప్పుకుంది. అప్పటికే వీధిలో గుసగుసలు మొదలయ్యాయట. ట్యాబ్ పట్టుకుని వచ్చిన మనిషి రాసుకున్నదే సాక్ష్యమని ఆవిడ అనుకుంది. మా సర్వేలకి అలాంటి విలువేమీ లేదనీ, అవి ఎవరి పేరూ లేకుండా వేలాది ఇళ్ళలో కలిసిపోతాయనీ నేను చెప్పాలి. చెప్పలేదు. వస్తానన్నాను. మూడోసారి వెళ్ళాల్సిన రోజు కూడా దగ్గర్లోనే ఉంది, రెండు పనులూ అయిపోతాయనుకున్నాను. ట్యాబ్‌లో ఉన్నది ఇప్పుడు ఒక్క పూట అని బస్సెక్కాకే గుర్తొచ్చింది.

ఆదివారం పొద్దున తొందరగా వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆవిడ అత్తగారికి అన్నం పెడుతోంది. ఆ రోజు కూడా అదే పులుసు. ముసలావిడ కంచం ఖాళీ అయ్యేదాకా నేను పక్కనే కూర్చున్నాను. తర్వాత ముగ్గురం నడుచుకుంటూ మత్స్యకార సొసైటీ షెడ్డుకి వెళ్ళాం. వలల గుట్టల మధ్య ప్లాస్టిక్ కుర్చీల్లో నలుగురు పెద్దలు కూర్చున్నారు. బావగారు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. పదేళ్ళ తర్వాత పట్టుకున్న చెయ్యిని అందరూ చూసేట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. నాకు వాణ్ణి అక్కడే నాలుగు అడగాలనిపించింది.

పెద్దాయన ముసలావిడని అడిగాడు. "అమ్మా, నీ కోడలు అన్నం పెడతందా?"

"పెట్టలా. రెండ్రోజులైంది" అంది ముసలావిడ.

షెడ్డులో అందరూ ఆవిడ కోడలి వైపు చూశారు. కోడలు నా వైపు చూసింది. నేను లేచాను.

"తిన్నారండీ. ఇప్పుడే నా ఎదురుగానే తిన్నారు. పెద్దావిడకి మర్చిపోయే జబ్బుంది."

"ఇయాల మీరొస్తన్నారని పెట్టుంటదండీ" అన్నాడు బావగారు, చాలా మర్యాదగా. "మీరు ఇంతకుముందు కూడా వచ్చి అన్నీ రాసుకున్నారంట కదా. మా మరదలే చెప్పింది. అది చూపించండి. అందులో ఎట్టా ఉంటే అట్టా ఒప్పుకుంటా."

ట్యాబ్ నా సంచిలో ఉంది. తెరిస్తే ఏడు రోజుల్లో చేపలు ఒక పూట అని ఉంటుంది. కింద నా పేరుంటుంది. మొదట వేరేగా రాశాను, తర్వాత మార్చాను అని చెప్పచ్చు. ఎందుకు మార్చారంటే చెప్పచ్చు. అది నలుగురి నోళ్ళలో పడి ఏజెన్సీ దాకా వెళితే నా ఉద్యోగం పోతుంది. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. నా నోట్లోంచి మాత్రం ట్రైనింగులో నేర్పించిన మాటే వచ్చింది.

"ఇళ్ళ వివరాలు బయటికి చూపించకూడదండీ. రూలు."

రూలు నిజమే. కానీ నేను ఆగింది రూలు కోసం కాదు.

పెద్దాయన తల పంకించాడు. "పోనీ నోటితో చెప్పండమ్మా, మీరు రాసింది, రోజూ తింటన్నారనా?"

నేను సంచి మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. ఔనంటే చాలు. ఔనని కూడా అనలేకపోయాను, ఎవరైనా ట్యాబ్ తెరవమంటారేమోనని. "నేను చెప్పకూడదండీ" అన్నాను మళ్ళీ.

"అంటే రాసింది ఇంకో రకంగా ఉందన్నమాట" అన్నాడు ఆయన. విసుక్కోలేదు, తప్పుపట్టలేదు. ఒక తెలివైన మనిషి ఎలా అర్థం చేసుకోవాలో అలాగే అర్థం చేసుకున్నాడు. అసలు నేను రాకపోయి ఉంటే ఆవిడ మాట సగమన్నా నిలిచేదేమో. ఇరుగుపొరుగు ఒకరిద్దరు ఆవిడ తరఫున చెప్పడానికి వచ్చి కూర్చున్నారు, నా మాట విన్నాక వాళ్ళు కూడా నోరు విప్పలేదు. గవర్నమెంటు మనిషే చెప్పలేకపోయిందంటే ఇంకేముందని అనుకుని ఉంటారు. పెద్దలు కాసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని, ముసలావిడ పెద్దకొడుకు ఇంట్లో ఉంటుందని తేల్చారు.

బావగారు ఆటో తెచ్చాడు. ముసలావిడ ఎక్కడికో పెళ్ళికి తీసుకెళుతున్నారనుకున్నట్టుంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఎక్కింది. కోడలు మందుల కవరు ఆటోలో పెట్టి, ఏ బిళ్ళ ఎప్పుడు వెయ్యాలో చెప్పింది. చేప పెడితే ముల్లు చూసి పెట్టమని కూడా చెప్పింది. ఆయన ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి ఊపాడు.

నేను ఆవిడ వెనకే ఇంటికి వెళ్ళాను. వెళ్ళకుండా బస్సెక్కేస్తే బాగుండేది, కానీ మూడోసారి ప్రశ్నలు మిగిలాయి. ఇది రాస్తుంటేనే నా మీద నాకు రోత పుడుతోంది. ఆవిడ గుమ్మంలో కూర్చుంది. నేను నిలబడే చెప్పేశాను. మీరు చెప్పినట్టే రాశానండీ, తర్వాత పైవాళ్ళు తగ్గించమంటే తగ్గించాను, ఒక పూటే ఉంది అందులో.

ఆవిడ అరుస్తుందనుకున్నాను. కాళ్ళ దగ్గరున్న చెప్పులు ఒక పక్కకి సర్దింది.

"అది ఎవరికి చూపించడానికి రాస్తారండీ?" అంది.

"మన దేశంలో ఎంత తింటున్నారు, వేరే దేశాల్లో ఎంత తింటున్నారు అని పోల్చి చూస్తారండీ."

"ఆ దేశాలోళ్ళకి చెప్తారు గానీ, ఎదురుగా కూర్చున్న మా బావగారికి చెప్పకూడదు."

నేను సంచిలోంచి ట్యాబ్ తీశాను. ప్రతిసారీ మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, ఇంట్లో ఉండేవాళ్ళ సంఖ్య. మారితే మార్చాలి. ఇద్దరిలో ఒకరు తగ్గితే మిగిలిన మనిషి వాటా లెక్కలో పెరుగుతుంది. ఆ ఇల్లు పోయినసారి కంటే కాస్త బాగా బతుకుతున్నట్టు కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా అడిగాను.

"ఇంట్లో ఇప్పుడు ఎంతమందండీ?"

ఆవిడ వంటింటి గుమ్మం వైపు ఒకసారి చూసింది.

"ఒక్కదాన్నే. ఇదన్నా మార్చకుండా రాసుకోండి మేడంగారూ."